గొర్రెకుంట బావి కేసు: నీళ్లలోంచి తీసిన శవం ఏ ప్రశ్నకు జవాబిస్తుంది

2020 మే 21న వరంగల్ శివారులో, గీసుగొండ మండలం గొర్రెకుంటలో, గోనెసంచుల కార్ఖానా పక్కనున్న బావిలో నాలుగు శవాలు కనిపించాయి. మర్నాడు మరో ఐదు బయటపడ్డాయి. మొత్తం తొమ్మిది మందిలో ఆరుగురు ఒకే కుటుంబం వాళ్లు. పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి ఏళ్లుగా వరంగల్‌లోనే బతుకుతున్నారు. అందులో మూడేళ్ల పసివాడు కూడా ఉన్నాడు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరు బిహార్ యువకులు, ఒకరు త్రిపురవాసి. అవి లాక్‌డౌన్ రోజులు. పనుల్లేవు, చేతిలో పైసల్లేవు. పైకి కొట్టొచ్చినట్టు కనిపించే గాయాలూ లేవు. అందుకే మొదటి రోజు చాలామంది నోట వచ్చిన మాట సామూహిక ఆత్మహత్య.

మే 25న పోలీసులు ఆ కుటుంబానికి బాగా తెలిసిన ఒక బిహార్ యువకుణ్ణి అరెస్టు చేశారు. వాళ్లు చెప్పిన ప్రకారం, కుటుంబానికి బంధువైన ఒక స్త్రీని అతడు మార్చిలోనే రైలు ప్రయాణంలో చంపేశాడు. ఆ సంగతి బయటపడకుండా ఉండాలని ఈ తొమ్మిది మందికి తిండిలో నిద్రమాత్రలు కలిపి పెట్టాడు. మత్తులో ఉన్నవాళ్లను గోనెసంచుల్లో ఈడ్చుకెళ్లి బావిలో పడేశాడు. అదే ఏడాది అక్టోబర్ 28న వరంగల్ కోర్టు అతడికి మరణశిక్ష విధించింది.

నీటి మరణాల దర్యాప్తులో ఉండే చిక్కులన్నీ ఈ ఒక్క కేసులో కనిపిస్తాయి. అందుకే దీన్ని ముందు పెట్టుకుని, ఇలాంటి బావి దగ్గర ఫోరెన్సిక్ పని ఎలా సాగాలో, ఏ నమూనా ఏ ప్రశ్నకు జవాబిస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చెప్పుకుందాం. మేం గట్టిగా నమ్మే మాట ఒకటుంది: ఇలాంటి కేసు ల్యాబ్‌లో పోవడం అరుదు. బావిగట్టు మీద, మార్చురీలో, మొదటి ఒకటి రెండు రోజుల్లోనే పోతుంది.

బావిగట్టు మీద

నీళ్లలో శవం తేలిందంటే ఊరంతా బావి చుట్టూ చేరుతుంది. ఎవరో తాడు తెస్తారు, ఎవరో మంచం దించుతారు, ఎవరో పాతాళగరిగె వేస్తారు. మంచి మనసుతో చేసే పనే ఇది. కానీ గరిగె కొక్కెం గుచ్చుకున్న గాయం, తాడు ఒరుసుకున్న గీత, మెట్ల రాయి తగిలిన దెబ్బ శవపరీక్ష బల్ల మీదికి వచ్చేసరికి ప్రశ్నలైపోతాయి. శవాన్ని ఎవరు తీశారు, దేనితో తీశారు, ఒంటి మీద ఎక్కడ పట్టారు అన్నది పంచనామాలో రాసి, ఆ వీడియోను డాక్టరుకు చూపించాలి. పెదవులు, కనురెప్పలు, చెవి తమ్మెల దగ్గర చేపలు, ఎండ్రకాయలు కొరికిన గుర్తులుంటాయి. వాటి అంచుల్లో రక్తం ఇంకి ఉండదు. తెలియనివాళ్లు వాటిని చూసి చిత్రహింసలు పెట్టారని రాసేస్తారు.

శవాల కోసం బావి నీళ్లు మోటారుతో తోడించాల్సి వస్తే, మోటారు వేయకముందే నీటి నమూనా తీసుకోవాలి. శవం దొరికిన చోట పైనీళ్లు ఒక లీటరు, లోతు నుంచి ఒక లీటరు, శుభ్రమైన కొత్త సీసాల్లో విడివిడిగా నింపాలి. పాత మందుసీసాలు, వాడేసిన నీళ్ల బాటిళ్లు పనికిరావు. మోటారు నీళ్లు బయటికి పోయే పైపు మూతికి సన్నటి జాలీ కట్టాలి. మాత్రల రేకు, గుండీ, సిమ్‌కార్డు, గోనె ముక్క లాంటివి ఆ నీళ్లతోపాటే పక్క పొలంలోకి పోతాయి. అడుగున మిగిలిన బురదను కూడా జల్లెడ పట్టించాలి.

అంతకంటే పెద్ద పని ఇంటికీ బావికీ మధ్య ఉన్న దారి. ఈడ్చిన చార, విరిగిన గడ్డి, చెప్పుల జత, సైకిల్ టైరు అచ్చు లాంటివి జనం తొక్కకముందే కనిపించాలి. ఆ దారికి తాడు కట్టి, పోలీసులు వచ్చిపోవడానికి వేరే దారి పెట్టాలి. బావిని కాపలా కాసి ఇంటిని వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. చావు బావిలో జరిగినా, నేరం మొదలైంది వంటపాత్రల దగ్గర.

ఇక్కడ చట్టంలో ఒక ఖాళీ ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లాలి, అక్కడి ప్రక్రియను వీడియో తీయించాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చారు. అయితే బావిలో శవం దొరికినప్పుడు మొదట రాసేది హత్య కేసు కాదు, అనుమానాస్పద మృతి. అప్పట్లో సీఆర్పీసీ 174, ఇప్పుడు సురక్షా సంహిత 194. ఏడేళ్ల నేరం అన్న మాటే ఇంకా కాగితం మీదికి రాలేదు కాబట్టి క్లూస్ టీంను పిలవాలన్న నిబంధన దానంతటది కదలదు. పిలవాలా వద్దా అన్నది ఆ రోజు స్టేషన్ అధికారి చేతిలో ఉంటుంది. ఒకే చోట ఇద్దరు అంతకంటే ఎక్కువ మంది చనిపోయినా, చనిపోయినవాళ్లలో చిన్నపిల్లలున్నా, ఇంటివాళ్లతో పాటు బయటివాళ్లూ ఉన్నా ఒక్క క్షణం ఆలోచించకుండా పిలవాలి. గొర్రెకుంటలో ఈ మూడూ ఉన్నాయి. కుటుంబమంతా కలిసి చావాలనుకోవడం ఊహకు అందుతుంది. వాళ్లతో చుట్టరికం లేని బిహార్ కుర్రాళ్లు, త్రిపుర మనిషి కూడా అదే రాత్రి అదే బావిలో దూకారంటే నమ్మడం కష్టం. ఏ యంత్రమూ చెప్పకముందే బావి చెప్పిన మాట ఇది.

బల్ల మీద ఉన్న చిక్కు

నీళ్లలో ప్రాణంతో పడి చనిపోయినవాళ్ల నోటి దగ్గర, ముక్కు దగ్గర సన్నటి తెల్లని నురగ ఉంటుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. ఊపిరితిత్తులు ఉబ్బి, వాటి మీద పక్కటెముకల అచ్చులు పడి ఉంటాయి. శ్వాసనాళంలో స్వరపేటిక కింది దాకా బురద, నాచు చేరుతుంది. చేతుల చర్మం ముడతలు పడటాన్ని చాలామంది ఇదే కోవలో రాస్తారు. అది తప్పు. చచ్చాక నీళ్లలో వేసినా ముడతలు పడతాయి. ఒళ్లు ఎంతసేపు నీళ్లలో నానిందో తప్ప ఆ ముడతలు మరేం చెప్పవు.

మే నెల వరంగల్ ఎండల్లో ఒక్క రోజు గడిస్తే నురగ పోతుంది, ఒళ్లు కుళ్లి ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల రూపం మారిపోతుంది. అప్పుడు మిగిలే ఆధారాల్లో డయాటం పరీక్ష ఒకటి. డయాటంలు నీళ్లలో బతికే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. వాటి గోడ సిలికాతో ఉంటుంది కాబట్టి కుళ్లదు, ఆసిడ్‌లో కరగదు. నీళ్లు పీల్చినప్పుడు ఊపిరితిత్తుల గోడలు చీలి అవి రక్తంలోకి పోతాయి, గుండె కొట్టుకుంటూ ఉంటే ఎముక మూలుగు దాకా చేరతాయి. ఛాతీ మధ్య ఎముకనో తొడ ఎముకనో తెరవకుండా పంపిస్తే ల్యాబ్‌లో పైపొర గీకి, మూలుగు తీసి, గాఢ నత్రికామ్లంలో ఉడికించి, మిగిలినదాన్ని మైక్రోస్కోపు కింద చూస్తారు. మూలుగులో దొరికిన జాతులు బావి నీటిలోని జాతులతో సరిపోలాలి. బావి నీళ్లు పంపకుండా ఎముక మాత్రమే పంపితే పరీక్ష సగమే అయినట్టు.

ఈ పరీక్ష ఎక్కువగా చెడేది కుళాయి నీళ్ల వల్ల. శవాన్ని, కత్తిని, బల్లను మున్సిపల్ నీళ్లతో కడిగి, ఆ కత్తితోనే ఎముక కోస్తే కుళాయిలోని డయాటంలు నమూనాలో చేరతాయి. డిస్టిల్డ్ వాటర్ వాడాలి, ఒక్కో శవానికి కత్తి, గ్లవ్స్ మార్చాలి. డయాటంలు దొరకనంత మాత్రాన మునిగి చావలేదని రాయకూడదు. కొన్ని బావుల్లో అవి తక్కువ. కొందరికి కంఠనాళం బిగుసుకుపోయి నీళ్లు లోపలికి పెద్దగా పోకుండానే ప్రాణం పోతుంది.

అసలు చిక్కు ఇప్పుడొస్తుంది. మత్తుమందు తిన్న మనిషి ఊపిరి తీసుకుంటూనే ఉంటాడు. బావిలో పడేస్తే నీళ్లు పీలుస్తాడు. కాబట్టి మునిగి చనిపోయిన లక్షణాలన్నీ నిజంగానే ఉంటాయి. డయాటం పరీక్ష ఎంత శుభ్రంగా చేసినా ప్రాణంతో నీళ్లలో పడ్డాడనే జవాబిస్తుంది. ఆత్మహత్యలోనూ జవాబు అదే. చేతిలో గడ్డి పిడికిలి బిగుసుకుని ఉంటే ప్రాణంతో పెనుగులాడాడని గట్టిగా చెప్పవచ్చు. మత్తులో ఉన్నవాడు పెనుగులాడడు కాబట్టి ఇక్కడ ఆ గుర్తును ఆశించకూడదు. మునిగి మరణం అని రిపోర్టు వచ్చిందని ఫైలు మూసేస్తే, హంతకుడు అనుకున్నదే జరుగుతుంది.

ఆ చిక్కు విప్పడానికి బల్ల మీదే ఒక దారి ఉంది, అదే ఈడ్చిన గీతలు. వీపు, మోచేతులు, మడమల వెనక భాగం మీద ఒకే దిశలో చర్మం లేచిపోయి ఉంటే వాటిని లెన్సుతో చూడాలి. చర్మం ఏ వైపు పోగుపడిందో చూస్తే ఈడ్చిన దిశ తెలుస్తుంది. ప్రాణం ఉండగా ఒరుసుకుంటే గీత ఎర్రగా, గోధుమరంగుగా ఉంటుంది, లోపలి పొరలో రక్తం ఇంకి ఉంటుంది. చచ్చాక అయితే పసుపురంగుకు తిరిగి తోలులా ఎండి ఉంటుంది. నీళ్లలో నానితే ఈ రంగు తేడా మసకబారుతుంది. అందుకే గాయంతోపాటు పక్కనున్న మంచి చర్మం కూడా వచ్చేలా చిన్న ముక్క కోసి 10 శాతం ఫార్మలిన్‌లో హిస్టాలజీకి, అంటే కణజాలాన్ని మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకు, పంపాలి. గాయం చుట్టూ తెల్లకణాలు చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈడ్చిన కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోతే కణాలు చేరవు, రక్తం ఇంకిన గుర్తు మాత్రమే ఉంటుంది. డాక్టరు ఆ సంగతి ముందే రాసిపెట్టకపోతే డిఫెన్స్ లాయరు దాన్ని పట్టుకుంటాడు.

ప్రాణం ఉండగా ఈడ్చిన గీతలు, అడ్డుకున్న గాయాలు లేకపోవడం, మునిగి మరణం, ఈ మూడూ ఒకే శవం మీద కనిపిస్తే ఆత్మహత్య అన్న మాట నిలవదు. ప్రాణంతో ఉన్న మనిషిని వేరొకరు ఈడ్చుకెళ్లారు, అతడు తిరగబడలేదు. తిరగబడకపోవడానికి కారణం ఏమిటన్నది టాక్సికాలజీ, అంటే విషాలు, మందుల పరీక్ష, చెప్పాలి.

నిద్రమాత్రల జాడ

విస్రా, అంటే పరీక్షకు పంపే లోపలి అవయవాల ముక్కలు, తీయడంలో కొలతలు పాటించాలి. జీర్ణాశయం దానిలోని పదార్థంతో సహా, చిన్నపేగు మొదటి భాగం సుమారు 30 సెంటీమీటర్లు ఒక సీసాలో. కాలేయం 500 గ్రాములు, రెండు మూత్రపిండాల్లో సగం సగం మరో సీసాలో. మూడేళ్ల పిల్లవాడి కాలేయం మొత్తం కూడా అరకిలో ఉండదు, అక్కడ ఈ లెక్క పట్టుకోకుండా వీలైనంత తీయాలి. సీసా మూడింట రెండు వంతులే నింపి, అవయవాలు మునిగేలా సంతృప్త ఉప్పునీరు పోయాలి, అంటే అడుగున ఉప్పు కరగకుండా మిగిలేంత గాఢంగా కలిపింది. కలిపిన ఉప్పునీటిలోంచి కొంత విడిగా ఒక సీసాలో పంపాలి. అది లేకపోతే మందు ఉప్పులోంచే వచ్చిందన్న వాదనకు చోటిచ్చినట్టే. రక్తం 10 మిల్లీలీటర్లు తొడ సిరలోంచి తీయాలి. గుండెలోంచి తీస్తే చావు తర్వాత పక్క అవయవాల నుంచి మందు అక్కడికి చేరి అంకె పెరిగి కనిపిస్తుంది. రక్తానికి ఒక్కో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, 3 మిల్లీగ్రాముల పొటాషియం ఆక్సలేట్ కలపాలి. ఫ్లోరైడ్ లేకుండా పంపితే దారిలోనే బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది.

ఆ బ్యాక్టీరియా సంగతి ఇలాంటి కేసులో కీలకం. నిద్రమాత్రలు అన్న మాట కింద అల్ప్రాజోలాం, డైజెపాం, నైట్రాజెపాం, క్లోనాజెపాం, జోల్పిడెం లాంటి చాలా మందులు వస్తాయి. వీటిలో నైట్రాజెపాం, క్లోనాజెపాం కుళ్లుతున్న శరీరంలో 7-అమైనో అనే వేరే రసాయన రూపంలోకి మారిపోతాయి. అసలు మందు కోసమే వెతికితే దొరకలేదని రిపోర్టు వస్తుంది. మనిషి మందు తిన్నది నిజం, రిపోర్టు రాసింది కూడా దాని మటుకు నిజం, కేసు మాత్రం పోతుంది. ల్యాబ్‌కు పంపే లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లో విషం ఉందా అని ఒక్క వాక్యం రాసి వదిలేయకుండా, బెంజోడయాజెపీన్లు (పై మందుల్లో జోల్పిడెం తప్ప మిగిలినవి ఈ కోవవే), వాటి 7-అమైనో రూపాలు, జోల్పిడెం, ఆల్కహాల్, పురుగుమందులు అని పేరుపేరునా అడగాలి. శవం ఎంతమేర కుళ్లిందో, ఎంతసేపు నీళ్లలో ఉందో కూడా రాయాలి. మొదటి వడపోతకు పలుచపొర క్రొమటోగ్రఫీ, ఇమ్యునో పరీక్ష సరిపోతాయి. కోర్టు ముందు నిలబడాలంటే గ్యాస్ లేదా లిక్విడ్ క్రొమటోగ్రఫీని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కలిపి చేసిన నిర్ధారణ ఉండాలి.

తొమ్మిది శవాలంటే విస్రా సీసాలు రెండు, రక్తం ఒకటి, ఎముక ఒకటి చొప్పున ముప్పై ఆరు నమూనాలు. బట్టలు, ఉప్పునీటి సీసా, బావి నీళ్లు వీటికి అదనం. ఒకే మార్చురీలో ఒకే రోజున ఇంత పని జరిగితే చీటీలు తారుమారయ్యే ప్రమాదం ఎక్కువ. సీసా మూత మీద రాసిన పేరు నమ్మదగింది కాదు, మూతలు మారతాయి. సీసా ఒంటి మీదే కేసు నంబరు, పోస్ట్‌మార్టం నంబరు, శవానికి కట్టిన ట్యాగ్ నంబరు, నమూనా పేరు, తేదీ, డాక్టరు సంతకం ఉండాలి. ఒక శవం నమూనాలన్నీ సీలు వేశాకే రెండో శవాన్ని బల్ల మీదికి తేవాలి. సీలు వేసిన లక్క ముద్ర నమూనాను కూడా విడి కాగితం మీద వేసి పంపాలి. సీలు చెదిరిందా లేదా అని ల్యాబ్ పోల్చి చూసేది దానితోనే.

ఇంట్లో మిగిలిన అన్నం, పప్పు, కూర, తాగునీళ్లు, ఎంగిలి పళ్లాలు వేటికవే వేరుగా, ఉప్పు కలపకుండా, ఐస్‌పెట్టెలో పెట్టి పంపాలి. కడిగేసిన గిన్నె అంచుల్ని కూడా శుభ్రమైన దూదితో తుడిచి పంపాలి. మందు ఏ గిన్నెలో ఉందో, ఏ గిన్నెలో లేదో తెలిస్తే ఎవరెవరు ఏం తిన్నారన్న లెక్క తేలుతుంది.

చనిపోయినవాళ్ల కడుపులో మందు దొరికినంత మాత్రాన నిందితుడికి ముడి పడదు. సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్దిచంద్ సర్దా కేసులో విషప్రయోగానికి నాలుగు సంగతులు రుజువు కావాలంది: చంపడానికి కారణం, చావు విషం వల్లే అని, విషం నిందితుడి చేతిలో ఉందని, దాన్ని ఇచ్చే అవకాశం అతడికి దొరికిందని. గొర్రెకుంట లాంటి కేసులో చావు నీళ్ల వల్ల, మందు చేతులు కట్టేసిన తాడు లాంటిది. అయినా మందు చేతికొచ్చిన దారి చూపించక తప్పదు. ఆ దారి మందుల షాపు. పైన చెప్పిన నిద్రమాత్రల్లో క్లోనాజెపాం తప్ప మిగిలినవి షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో, ఉన్నాయి. అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు, పరిమాణం విడి రిజిస్టరులో రాసి, ఆ రిజిస్టరు మూడేళ్లు ఉంచాలి. అరవై దాకా మాత్రలు కొన్నాడని పోలీసులు చెప్పారు. అన్ని మాత్రలు చీటీ లేకుండా చేతికొచ్చాయంటే ఎక్కడో ఆ రిజిస్టరు ఖాళీగా ఉందన్న మాట. రిజిస్టరులో రాయకపోయినా స్టాక్ లెక్కలు, కొనుగోలు బిల్లులు, షాపు కెమెరా మిగులుతాయి. చెత్తలో దొరికిన రేకు మీది బ్యాచ్ నంబరు నుంచి డిస్ట్రిబ్యూటరు మీదుగా షాపు దాకా వెనక్కి నడవవచ్చు.

గోనె పోగుల బరువు

శవాల బట్టల మీద గోనె పోగులు దొరికితే గొప్ప ఆధారమని అనిపిస్తుంది. గోనెసంచుల కార్ఖానాలో ఉండేవాళ్ల బట్టలకు గోనె పోగులు అంటుకోకుండా ఎలా ఉంటాయి? ఎంత చక్కగా సరిపోలినా ఇక్కడ దానికి బరువు లేదు, అనుభవమున్న ఫోరెన్సిక్ సాక్షి ఆ మాట తానే ముందు చెబుతాడు. దానికి బదులు సంచి లోపలి వైపు చూడాలి. వెంట్రుకలు, లాలాజలం, చర్మపు పొలుసులు లోపల దొరికితే, ఆ సంచిలో మనిషి ఉన్నాడని డీఎన్‌ఏ చెబుతుంది. సంచులను తడిగా ప్లాస్టిక్‌లో కట్టకూడదు. బూజు పట్టి డీఎన్‌ఏ పోతుంది. నీడలో ఆరబెట్టి, ఒక్కోదాన్ని విడి కాగితం సంచిలో పెట్టాలి.

గడియారం తేడా

నీళ్లలో ఉన్న శవం వేడి త్వరగా నీటి వేడితో కలిసిపోతుంది. మత్తు వల్ల జీర్ణం మందగిస్తుంది. కాబట్టి చనిపోయిన సమయం మీద డాక్టరు ఇచ్చేది పెద్ద విరామమే. దాన్ని కుదించేది సీసీటీవీ. గొర్రెకుంట కేసులో నిందితుడు ఆ ప్రాంతానికి సైకిల్ మీద వచ్చి వెళ్లిన దృశ్యాలు దర్యాప్తుకు బాగా పనికొచ్చాయి. కెమెరా ఫుటేజీ తీసేటప్పుడు ముందుగా చేయాల్సింది డీవీఆర్ (ఫుటేజీ రికార్డు చేసే పెట్టె) గడియారాన్ని ఫోను సమయంతో పక్కపక్కన పెట్టి ఫొటో తీయడం. పది నిమిషాలు, ఒక్కోసారి పూర్తిగా ఒక రోజు తేడా ఉంటుంది. చాలా డీవీఆర్‌లు కొద్ది రోజుల్లో పాతవాటి మీదే కొత్తవి రాసేస్తాయి. అనుమానితుడు తేలకముందే దారి పొడవునా ఉన్న షాపుల ఫుటేజీ భద్రం చేయాలి.

ఫుటేజీ కాపీతో పాటు సర్టిఫికెట్ ఉండాలి. సాక్ష్య చట్టం 65బి కింద ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020 జూలైలో అర్జున్ పండిట్‌రావ్ ఖోత్కర్ కేసులో మళ్లీ తేల్చి చెప్పింది. అసలు పరికరాన్నే కోర్టుకు తెస్తే అవసరం లేదు. ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63 కింద ఆ సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ కూడా రాయాలి, అంటే ఫైలు మారితే మారిపోయే, దాని వేలిముద్ర లాంటి అంకె. సెల్ టవర్ రికార్డు ఇక్కడ అంత గట్టిది కాదు. నిందితుడూ బాధితులూ ఒకే నగరంలో ఉంటూ రోజూ కలుసుకునేవాళ్లయితే, ఫోను ఆ టవరు పరిధిలో ఉండటం మామూలు సంగతే.

పట్టాల పక్కన దొరికిన స్త్రీ

మార్చిలో చనిపోయిన స్త్రీ శవం ఆంధ్రప్రదేశ్‌లో, నిడదవోలు దగ్గర రైలు పట్టాల పక్కన దొరికింది. గుర్తుతెలియని శవంగా తాడేపల్లిగూడెం రైల్వే పోలీసులు కేసు రాశారు. ఆమెను మెడకు చున్నీ బిగించి చంపి, రైల్లోంచి తోసేశాడన్నది వరంగల్ పోలీసులు చెప్పిన మాట. ఆమె ఎవరో మార్చిలోనే తేలి ఉంటే మే నెల రాత్రి ఆ ఇంటికి వచ్చేదా అన్న బాధ ఈ కేసు చదివిన ప్రతి ఒక్కరికీ మిగులుతుంది.

పట్టాల పక్క శవాన్ని రైలు నుంచి పడ్డట్టు అనుకోవడం తేలిక, ఒళ్లంతా దెబ్బలే కాబట్టి. అందుకే అక్కడ మెడ కోత పద్ధతిగా జరగాలి. ముందు తల, ఛాతీ తెరిచి రక్తం కారిపోనిచ్చి, చివర్న మెడను పొరపొరగా విప్పాలి. ముందే మెడ కోస్తే కారిన రక్తం కండరాల్లోకి పోయి గొంతు నులిమినట్టు కనిపిస్తుంది, లేదా నిజంగా నులిమిన గుర్తును కప్పేస్తుంది. గొంతులో ఉండే హయాయిడ్ ఎముక విరగలేదని గొంతు నులమలేదనడం కూడా తప్పే. చిన్న వయసువాళ్లలో అది వంగుతుంది, గుడ్డతో బిగించినప్పుడు విరగకపోవచ్చు. ఇలాంటి శవానికీ విస్రా తీయాలి. మత్తు ఇచ్చారా అన్న ప్రశ్న అక్కడ ఎవరికీ తట్టదు.

గుర్తుతెలియని ప్రతి శవం నుంచి డీఎన్‌ఏ నమూనా దాచిపెట్టాలి. చెడని దవడ పళ్లు రెండు, లేదా తొడ ఎముక మధ్య భాగం ఒక ముక్క తీసి, ఉప్పు గానీ ఫార్మలిన్ గానీ కలపకుండా ఆరబెట్టి, ఫ్రీజర్‌లో ఉంచాలి. ఫార్మలిన్‌లో వేసిన ఎముకలో డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది. తర్వాత పిల్లలో తల్లిదండ్రులో దొరికితే, వాళ్ల రక్తం చుక్కలు ఎఫ్‌టీఏ కార్డు (డీఎన్‌ఏ చెడకుండా దాచే ప్రత్యేక కాగితం) మీద తీసి పోలుస్తారు. తల్లీబిడ్డలకు ప్రతి మార్కర్ (డీఎన్‌ఏలో పోల్చి చూసే చోటు) దగ్గరా ఒక అల్లీల్, అంటే అక్కడున్న రెండు రూపాల్లో ఒకటి, కలవాలి. శవాన్ని పూడ్చేసి, ఏమీ దాచకపోతే, రెండు నెలల తర్వాత ఏదైనా పోల్చాలంటే మేజిస్ట్రేట్ సమక్షంలో మళ్లీ తవ్వి తీయాల్సి వస్తుంది.

నిందితుడు చూపించిన చోట దొరికిన వస్తువులకు సాక్ష్య చట్టం 27 కింద విలువ ఉండేది, ఇప్పుడు అది సాక్ష్య అధినియం 23లో ఉంది. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట చెల్లదు, ఆ మాట వల్ల కొత్తగా దొరికిన వస్తువుకు సంబంధించినంత వరకే చెల్లుతుంది. కాబట్టి వస్తువు ఎక్కడుందో పోలీసులకు ముందే తెలియదన్నది పంచనామా సాక్షుల సంతకాలతో, సమయంతో, వీడియోతో రుజువు కావాలి. అలా దొరికిన మాత్రల రేకును పట్టుకునేటప్పుడు వేళ్లతో మధ్యలో పట్టరాదు, అంచులు పట్టి అట్టపెట్టెలో నిలబెట్టి పంపాలి. రేకు వెనక వైపు నున్నగా ఉంటుంది, వేలిముద్ర నిలిచేది అక్కడే. ముందు వేలిముద్రల విభాగం చూశాకే రసాయన పరీక్షకు పోవాలి. ఆ వరుస లెటర్ ఆఫ్ అడ్వైజ్‌లోనే రాయకపోతే, రేకు నేరుగా రసాయన విభాగానికి చేరి ముద్ర తుడిచిపెట్టుకుపోతుంది.